మా ఆసుపత్రికి యూరాలజిస్టు దొరికిన సంగతి

చిరంజీవి సౌభాగ్యవతి మా ఇంటావిడకి,

పద్ధతి ప్రకారమైతే ఇక్కడ 'ఆశీర్వదించి' అని రాయాలి. ఇన్నేళ్లు నీ చేతికింద పనిచేశాక నిన్ను ఆశీర్వదించే ధైర్యం నాకు లేదు గనక, నమస్కరించి రాస్తున్నానని అనుకో. అక్కడ నువ్వూ, మరదలూ, తోడల్లుడూ క్షేమమని తలుస్తాను. మరదలు చేతికర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తోందని రాశావు, చదివి చాలా సంతోషించాను. కాలు విరిగినా నోరు మాత్రం చెక్కుచెదరలేదని రాసిన ముక్కకి ఇంకా సంతోషించాను. ఇక్కడ ఇల్లు క్షేమం. మేడ మీద నీ పూలకుండీలు క్షేమం. మెట్ల కింద పిల్లి, దాని పిల్లలు కూడా క్షేమం.

ఫోన్లో అడిగితే మాట మారుస్తున్నానని ఈసారి ప్రశ్నలన్నీ కాగితం మీద పెట్టి పంపావు. ఒక్కోదానికీ కాగితం మీదే జవాబు రావాలని కింద గీత కూడా కొట్టావు. సరే, నేనూ కాగితం తీశాను. వంటింట్లో కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. మిలిటరీ బండ్ల మెకానిక్కునై ఉండి కుళాయికి మనిషిని పిలిపిస్తే నా పరువేం కాను. గ్యాసు బండ మార్చాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నీ ఊలు శాలువా బీరువాలోనే ఉంది, నేను కప్పుకోవడం లేదు. కప్పుకున్నాను, ఒక్క రాత్రి.

ఇక మిగిలినవి రెండు. పతకాలున్న కోటేసుకుని పొద్దున్నే ఎక్కడికి వెళ్లారని ఒకటి. పక్కింటావిడ నీకు ఫోన్ చేసి చెప్పిందన్నమాట. మన వీధికి సైన్యం కాపలా అక్కర్లేదు, ఆవిడ కిటికీ ఒక్కటి చాలు. రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారని రెండోది. ఆ రెండో ప్రశ్న దగ్గర నువ్వు కలం ఆపి ఆలోచించినట్టున్నావు, సిరా చుక్క పడింది. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. కోటు సంగతి ముందు చెబుతాను, రెండోది దాని వెనకే వస్తుంది. కొంచెం ఓపిక పట్టు.

మా మాజీ సైనికుల ఆసుపత్రిలో యూరాలజిస్టు లేడని నీకు తెలుసు. ఉన్నాయన ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లిపోయాక ఆ గదికి తాళం పడింది. మూత్రం బాధలున్న వాళ్లందర్నీ వ్యానులో కుక్కి పెద్దాసుపత్రికి పంపుతున్నారు. దారి పొడుగునా బండి ఎక్కడాపాలా అన్నదే వాళ్ల బాధ. మా బ్యాండు మాస్టరు నీకు గుర్తున్నాడు కదా, రెజిమెంటు బ్యాండులో బాకా ఊదినవాడు. వాడికి మూత్రం ఆగిపోతే గొట్టం వేసి సంచీ తగిలించారు. కొన్నాళ్లలో తీసేస్తామన్నారు. తీసే డాక్టరు లేక అది అలాగే ఉండిపోయింది. ఆ సంచీని గుడ్డసంచీలో పెట్టుకుని, కూరగాయలకి వెళ్తున్నవాడిలా వార్డంతా తిరిగేవాడు. ఎవరైనా ఏం కొన్నావురా అంటే, నిమ్మకాయలు అనేవాడు.

ఈ మధ్య హెడ్డాఫీసు వాళ్లు, అసలు ఇక్కడ ఆ డాక్టరు అవసరం ఉందో లేదో చూసి రమ్మని ఒక స్పెషలిస్టుని పంపారు. ఆయన మంచాల మధ్య నడుచుకుంటూ ఒక్కొక్కణ్ణి ఏమైనా ఇబ్బందా అని అడిగాడు. మావాళ్లందరూ కూడబలుక్కున్నట్టు ఏమీ లేదు సార్ అన్నారు. నిమ్మకాయల వాడు కూడా అన్నాడు. నేనూ ఆ రోజు మోకాలి కోసం వెళ్లి అక్కడే కూర్చున్నాను, నేనూ అన్నాను.

నవ్వకు. ఇది మా రక్తంలో ఉంది. సైన్యంలో ఒంట్లో బాగాలేనివాడు పొద్దున్నే అందరి ముందూ వేరే వరసలో నిలబడాలి. నువ్వు ఆ వరసలో ఉన్నావంటే నీ వంతు బరువు పక్కవాడు మోస్తున్నాడని అర్థం. జ్వరం కాలిపోతున్నా ఆ వరసలోకి వెళ్లకుండా పళ్లు బిగబట్టడం పద్దెనిమిదో ఏట నేర్చుకున్నాం. డెబ్బయ్యో ఏట మర్చిపొమ్మంటే ఎలా మర్చిపోతాం? ఆ స్పెషలిస్టు మాత్రం మా మాట నమ్మి, ఇక్కడ రోగులందరూ బాగానే ఉన్నారు, ఆ ఉద్యోగం అక్కర్లేదని చెప్పేశాడట.

సూపరింటెండెంటు నన్ను పిలిపించి పెట్టిన చీవాట్లు పెళ్లయ్యాక నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా తినలేదు. తల ప్రాణం తోకకొచ్చేలా తిరిగి ఆయన హెడ్డాఫీసు కాళ్లు పట్టుకుంటే, ఒక్క అవకాశం ఇచ్చారు. ఒక్కసారి ఇంటర్వ్యూ పెట్టుకోవచ్చు, అందులో ఎవరైనా దొరికితే సరి, లేకపోతే ఆ ఉద్యోగమే ఎత్తేస్తారు. మీ నోళ్లే ఇంత చేశాయి కాబట్టి మీలో ఒకడు వచ్చి కూర్చోవాలి అన్నాడాయన. ఎంపిక చేసేవాళ్లు ముగ్గురు, ఆయనా, పెద్ద సిస్టరూ, రోగుల తరఫున ఒక మనిషి. ఆ మనిషి నేను. అందుకే కోటు. బొత్తాం పట్టలేదు, ఊపిరి బిగబట్టి పెట్టాను. నీ వంట మానేసిన ఇన్నాళ్లకి కూడా పట్టలేదంటే, తప్పు నీ వంటది కాదని ఒప్పుకుంటున్నాను.

ముందు రోజు వార్డులో సభ పెట్టారు. ఎవర్నైనా తీసుకురా, ముసలాడైనా పర్లేదు, కోపిష్టైనా పర్లేదు, ఆడ డాక్టరు మాత్రం వద్దన్నారు. దేశం కోసం ప్రాణమిస్తాం గానీ ఆడమనిషి ముందు పంచె విప్పం అన్నాడు మెస్సు నడిపిన వంట హవల్దారు. బ్యాండు మాస్టరు తన చేతిలో నా చెయ్యి వేయించుకుని మాట తీసుకున్నాడు. నేనూ ఇచ్చాను, మనస్ఫూర్తిగానే ఇచ్చాను. నా బుర్రలోనూ అదే మాట ఉంది మరి.

వచ్చింది ముగ్గురు. సూపరింటెండెంటు గదిలో పొడుగు బల్ల, ఇవతల మేం, అవతల ఒక కుర్చీ. నాకు ఒక్క ప్రశ్న అడిగే హక్కు ఇచ్చారు. ముగ్గుర్నీ ఒకటే అడుగుదామనుకున్నాను. మావాళ్లు డాక్టరు అడిగితే ఏమీ లేదంటారు, అలాంటివాడి చేత నిజం ఎలా చెప్పిస్తారు అని.

మొదటాయన పేరున్న డాక్టరు. మనిషి అబద్ధం చెబుతాడు గానీ స్కానింగు చెప్పదు కదా అన్నాడు. జవాబు బాగానే ఉంది. కానీ సాయంత్రాలు బయట ప్రాక్టీసు చేసుకోవచ్చా, ఎన్నింటికి వదిలేస్తారు అని ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్నలు మేం అడిగిన వాటికంటే ఎక్కువ. రెండో అబ్బాయి ఒక మేజరు కొడుకు. గదిలోకి రాగానే నా పతకాలు చూసి సెల్యూట్ కొట్టాడు. నా ప్రశ్నకి నవ్వి, మా నాన్న కూడా అంతే, గట్టిగా ఆర్డరేస్తే చెప్పేస్తారు అన్నాడు. నాకు తెగ నచ్చేశాడు. చదువూ ఉంది, మర్యాదా ఉంది, పైగా మగాడు. మనసులో వాడికే ఓటేసేసి, మూడో మనిషి రాకముందే కోటు బొత్తాం వదులు చేసుకున్నాను.

మూడో మనిషి ఆడమనిషి. నలభై దాటి ఉంటుంది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. వానలో బస్సు దిగి వచ్చినట్టుంది, గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకునే నిలబడింది. సూపరింటెండెంటు అడిగినవాటికి తడుముకోకుండా చెప్పింది. నా వంతు వచ్చింది. ఎలాగూ తీసుకునేది లేదు కదా అని నేను ప్రశ్న గబగబా అప్పజెప్పేశాను.  ఆవిడ మాత్రం కొంచెం ఆలోచించి, నొప్పి ఉందా అని అడగనండీ అంది. నొప్పి అనేసరికి పరువు అడ్డొస్తుంది, నిద్ర గురించి అడుగుతాను, నిద్ర పాడైందని చెప్పుకోవడానికి ఏ మగవాడూ సిగ్గుపడడు అంది. ఎలా అడుగుతారో చూపించండి అన్నాడు సూపరింటెండెంటు. ఆవిడ కుర్చీ నావైపు తిప్పుకుని, వాన తగ్గిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"రాత్రి నిద్ర పట్టిందా? ఎన్నిసార్లు లేచారు?"

"ఆరుసార్లు."

అన్నది నేనే. నా నోరే. ఆ మాట బయటికొచ్చాక గానీ నేనన్నానని నాకు తెలియలేదు. ఇప్పుడు నువ్వు ఉత్తరంలో అడిగిన ప్రశ్నే, ఇంచుమించు అవే మాటల్లో. నీ దగ్గరైతే తప్పించుకోగలిగాను. ఆవిడ గొంతులో జాలీ లేదు, అనుమానమూ లేదు, దాంతో అడ్డంగా దొరికిపోయాను. సూపరింటెండెంటు కళ్లజోడు తీసి నన్ను చూశాడు. పెద్ద సిస్టరు తలొంచుకుని నవ్వు ఆపుకుంటోందనుకున్నాను, తర్వాత చూస్తే నవ్వడం లేదు.  ఆవిడ మాత్రం ఆ జవాబు రోజూ వినేదే అన్నట్టు తలూపి, మిగతాది ఇక్కడ వద్దు, బయట మాట్లాడుకుందాం, ఉద్యోగం నాకిచ్చినా ఇవ్వకపోయినా అంది. కుర్చీ మళ్లీ యథాస్థానానికి తిప్పుకుంది.

ఆవిడ బయటికి వెళ్లాక నా అభిప్రాయం అడిగారు. నేను నీళ్లు నమిలాను. ఆవిడ గట్టిదే గానీ, ఆడ డాక్టరు వద్దని వార్డంతా నా చేత ఒట్టేయించుకుందని చెప్పాను.  పెద్ద సిస్టరు కలం మూత పెట్టి నావైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ మీ అందరి గొట్టాలూ మార్చింది ఎవరనుకున్నారు? నేను ఆడదాన్ని కానా?"

 నిజంగా నాకా సంగతి ఎప్పుడూ తట్టలేదు. ముగ్గురం ఒకే పేరు మీద టిక్కు పెట్టాం. ఆవిడ దగ్గర నేనే రోగినైపోయాను, నా ఓటు చెల్లుతుందో లేదో అన్నాను. మిగతా రెండు ఓట్లు చాలు గానీ, నువ్వు వెళ్లి వార్డులో చెప్పు, అది మా వల్ల అయ్యే పని కాదు అన్నాడు సూపరింటెండెంటు.

వార్డులోకి అడుగు పెట్టేసరికి అందరూ మంచాల మీద లేచి కూర్చున్నారు. మేజరు కొడుకు సెల్యూట్ కొట్టిన కబురు నాకంటే ముందే చేరిపోయింది, వాడే ఖాయమని సంబరంలో ఉన్నారు. నేను ఆడ డాక్టరమ్మ అనగానే బ్యాండు మాస్టరు మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. చేతిలో చెయ్యేసి మాటిచ్చావు కదరా స్పానరూ అని నా పాత మిలిటరీ పేరుతో అన్నాడు. తిట్టినా బాగుండేది. నేను సంజాయిషీ చెప్పదలుచుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ఏమడిగిందో, నేనేమన్నానో, ఆ గదిలో అందరూ నన్నెలా చూశారో, ఏదీ దాచలేదు. ఆరుసార్లు అని మళ్లీ వాళ్ల ముందు అనడం మొదటిసారి కంటే కష్టమైంది.

 బ్యాండు మాస్టరు తన గుడ్డసంచీ వైపు చూసుకుంటూ, ఈ గొట్టం వెయ్యక ముందు నాకు తొమ్మిదిసార్లు అన్నాడు, చాలా మెల్లిగా. వంట హవల్దారు వెంటనే, నేను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను, బాత్రూం పక్కనే మంచం వేయించుకున్నానన్నాడు. కిటికీ దగ్గరాయన తనకి మంటతో కళ్లనీళ్లొస్తాయన్నాడు. ఇంకొకడు తన కోడలు దుప్పట్లు ఉతుకుతూ ఒక్కమాట కూడా అనదని, అందుకే ఆ ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదని చెప్పి ఏడ్చేశాడు. నలభయ్యేళ్లుగా యుద్ధాల కథలు చెప్పుకున్న మనుషులం, ఈ కథ ఒక్కటీ ఎవడూ ఎవడికీ చెప్పలేదు. చివరికి వాళ్లలో వాళ్లకి ఎవరిది ఎక్కువ అని పోటీ మొదలైంది. పెద్ద సిస్టరు వచ్చి కేకలేస్తే గానీ గొడవ సద్దుమణగలేదు.

డాక్టరమ్మ ఒకటో తారీఖున చేరింది. ఆ గది తాళం తీసి, బూజు దులిపించి, మొదటి రోజే బ్యాండు మాస్టర్ని పిలిచింది. వాడికి ఇప్పుడు గొట్టం లేదు. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంటున్నాడు. వంట హవల్దారు ఆవిణ్ణి తల్లీ అని పిలుస్తున్నాడు. పంచె సంగతి నేను గుర్తుచేస్తే కర్ర తీసుకుని వెంటపడ్డాడు.

ఇదంతా చదివి నువ్వు నవ్వుకుంటూ ఉంటావు. నవ్వించి చెబితే తేలికవుతుందని ఇంతసేపూ సాగదీశాను. ఇక నీ రెండో ప్రశ్న దగ్గరికి రాక తప్పదు.

ఆ రోజు బయట, మెట్ల దగ్గర, ఆవిడ నన్ను అడిగింది మూత్రం రంగు గురించి. ఎర్రగా వస్తోందని చెప్పాను. నొప్పి లేదని కూడా చెప్పాను, నొప్పి లేకపోవడం మంచిదే కదా అన్నాను. ఆవిడ దానికి తలూపలేదు. ఎప్పట్నుంచి అంది.

నువ్వు వెళ్లక ముందు నుంచి. మరదలు మెట్ల మీద పడిందని ఫోనొచ్చిన వారమే మొదటిసారి చూశాను. నువ్వు సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, మీ మొహం అదోలా ఉంది, ఏమైనా ఉంటే చెప్పండి, ఆగిపోతాను అన్నావు. ఏమీ లేదు, బస్సెళ్లిపోతుంది, పద అన్నాను. అక్కడ మీ చెల్లెలు మంచం మీదుంది, నేనెలా ఆపను? అదొక్కటే కారణమని చెప్పలేను. చెబితే అది నిజమైపోతుందని కూడా భయపడ్డాను.

డాక్టరమ్మ సన్నటి గొట్టంలో కెమెరా పెట్టి లోపల చూసింది. మూత్రాశయం గోడకి చిన్న గడ్డ ఉంది. దాన్ని తీసేసి పరీక్షకి పంపింది. ఫోను పాడైందని నీకు చెప్పిన రెండు రోజులూ నేను ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాను. బ్యాండు మాస్టరు పక్క మంచం మీంచి కదల్లేదు. నీ శాలువా కప్పుకున్నది అప్పుడే. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను, ఈ ఉత్తరం కూర్చుని నా చేత్తోనే రాస్తున్నాను. మన అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ముందు నీకు చెప్పకుండా దానికి చెబితే నువ్వు జన్మలో క్షమించవు.

పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. నేను కోటు లేకుండానే వెళ్లి డాక్టరమ్మ ముందు నిటారుగా కూర్చుని, చెప్పండి, నేను సైనికుణ్ణి, ఏదైనా వినగలను అన్నాను. ఆవిడ చెప్పలేదు. మీ ఆవిణ్ణి తీసుకురండి, మంచి సంగతైనా చెడ్డ సంగతైనా నేను ఇద్దరికీ కలిపే చెబుతాను అంది. ఒక్కడికి చెప్పొచ్చు కదా, నేను తట్టుకోలేనా అని కాస్త గట్టిగానే అడిగాను.

"మీరు వినగలరండీ. ఇంటికెళ్లి ఆవిడకి చెప్పలేరు. అది నేను చూశాను కదా."

కోపంతో లేచి వచ్చేశాను. వీధి మలుపు తిరిగేసరికి కోపం పోయింది. మన గుమ్మం దగ్గరికొచ్చి, తాళం తియ్యకుండా మెట్టు మీద కూర్చుండిపోయాను. ఫలితం ఏమిటో తెలియక కాదు, ఆవిడ చెప్పనన్నందుకు నాకు లోపల్లోపల ఎంత హాయిగా ఉందో అప్పుడు తెలిసి.

డాక్టరమ్మ మనిద్దర్నీ వచ్చే గురువారం రమ్మంది. మరదలికి కర్ర ఉంది, తోడల్లుడు ఉన్నాడు. నాకు నువ్వు కావాలి.

నాకు భయంగా ఉంది. సరిహద్దు నుంచి నీకు అన్ని ఉత్తరాలు రాశాను కదా, ఒక్కదాన్లోనూ ఈ ముక్క రాయలేదు. అప్పుడు భయం లేక కాదు. రాస్తే నువ్వు ఉన్నపళాన బస్సెక్కి వచ్చేస్తావని రాయలేదు. ఇప్పుడు అందుకే రాస్తున్నాను.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
మీ ఇంటాయన